పొగలో పోయే పని

నిడదవోలుకు దగ్గర్లో, గోదావరి పక్కన విజ్జేశ్వరంలో గ్యాస్‌తో నడిచే విద్యుత్ కేంద్రం ఒకటి కట్టారు. దాని మొదటి దశ సామర్థ్యం 100 మెగావాట్లు. అందులో గ్యాస్ మండించే టర్బైన్లు రెండు, ఒక్కొక్కటి 33 మెగావాట్లది. మిగిలిన 34 మెగావాట్లు ఇచ్చే మూడో యంత్రానికి గ్యాస్ పైపు అవసరమే లేదు. ఆ రెండు టర్బైన్లూ వెనక నుంచి వదిలే వేడి పొగే దానికి మేత. అంటే ఆ సామర్థ్యంలో మూడో వంతు, ఆ ఏర్పాటు లేకపోతే గొట్టంలోంచి ఆకాశంలోకి పోవాల్సిందే.

ఈ లెక్క చూసినప్పుడల్లా నాకు పాత ఇళ్ళలోని రెండు కన్నుల మట్టి పొయ్యి గుర్తొస్తుంది. ముందు కన్ను మీద అన్నం ఉడుకుతుంటే, ఎసటి గిన్నె అడుగు నుంచి వెనక్కి తిరిగిన మంట, పొగ రెండో కన్ను గుండా బయటపడేవి. దాని మీద నీళ్ళ కాగు కూర్చుని ఉండేది. గంజి వార్చే వేళకు స్నానానికి నీళ్ళు సిద్ధం. ఆ కాగు కోసం ఎవరూ ఒక్క పుల్ల ఎక్కువ పెట్టేవాళ్ళు కాదు.

నేల మీద టర్బైన్‌కు రెండో కన్ను దొరికింది. ఆకాశంలో ఎగిరే టర్బైన్‌కు, అంటే విమానం ఇంజనుకు, ఎనభై ఏళ్ళు దాటినా సరైన రెండో కన్ను దొరకలేదు. ఎందుకు దొరకలేదన్నది, ఇప్పుడు దొరుకుతుందన్న ఆశ ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది ఇంజనీరింగ్‌లో నాకు బాగా ఇష్టమైన కథ.

గ్యాస్ టర్బైన్ పని చెప్పుకోవడానికి సులువే. ముందుండే కంప్రెసర్ గాలిని పీల్చి నొక్కుతుంది. నొక్కిన గాలిలో ఇంధనం మండుతుంది. వేడెక్కిన వాయువు వ్యాకోచిస్తూ టర్బైన్ రెక్కల్ని తోస్తుంది. టర్బైన్, కంప్రెసర్ ఒకే ఇరుసు మీద ఉంటాయి కాబట్టి టర్బైన్ సంపాదించిన దాంట్లో పెద్ద వాటా కంప్రెసర్ లాగేసుకుంటుంది. ఎంత పెద్ద వాటా అంటే, 1939లో స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్ పట్టణం కోసం బ్రౌన్ బోవరి కంపెనీ కట్టిన యంత్రాన్ని చూడాలి. ఊరి కరెంటు కోసం పెట్టిన తొలి గ్యాస్ టర్బైన్ అది. ఆవిరి టర్బైన్ల శాస్త్రానికి పెద్ద దిక్కయిన ఆరెల్ స్టోడోలా తన 80వ ఏట దగ్గరుండి దాన్ని పరీక్షించాడు. టర్బైన్ ఇచ్చింది 15,400 కిలోవాట్లు. కంప్రెసర్ తిన్నది 11,400. ఊరికి మిగిలింది 4,000. ఇంధనంలోని శక్తిలో కరెంటుగా మారింది 17.4 శాతం. ఈ 11,400 అంకెను కాస్త గుర్తుంచుకోండి. కథ చివర్లో దీనితో మళ్ళీ పని పడుతుంది.

ఇప్పటి పెద్ద యంత్రాలు ఒంటరిగానే 40 శాతం దాటుతున్నాయి. అయినా వాటి వెనక నుంచి వచ్చే పొగ 600 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది. అంత వేడిని టర్బైన్ ఎందుకు వదిలేస్తుంది? టర్బైన్‌ను తిప్పేది వాయువు ఒత్తిడి. వ్యాకోచించి వ్యాకోచించి వాయువు ఒత్తిడి బయటి గాలితో సమానం అయిపోయాక ఇక తోయడానికి ఏమీ ఉండదు. ఒత్తిడి అయిపోతుంది, వేడి మిగిలిపోతుంది.

ఆ మిగిలినదంతా పనిగా మార్చుకోగలమా అంటే ప్రకృతి ఒప్పుకోదు. వేడిలో ఎంత భాగం పనిగా మారుతుందన్నది దాని ఉష్ణోగ్రత పరిసరాల కన్నా ఎంత ఎక్కువ ఉందన్న దాన్నిబట్టి ఉంటుందని ఫ్రెంచి ఇంజనీరు సాది కార్నో 1824లోనే చెప్పాడు. 600 డిగ్రీల పొగను బయటి గాలి స్థాయికి చల్లార్చే క్రమంలో, ఏ లోపమూ లేని ఊహా యంత్రం కూడా ఆ వేడిలో 44 శాతం దాకానే పనిగా మార్చగలదు. 100 పాళ్ళ ఇంధనంలో 40 పాళ్ళు గ్యాస్ టర్బైన్ తీసుకుని 60 పాళ్ళు పొగలోకి పోయాయనుకుంటే, అందులోంచి రాబట్టగలిగింది మహా అయితే 26. నిజమైన విద్యుత్ కేంద్రాలు 20 దాకా రాబడుతున్నాయి. ప్రకృతి ఇస్తానన్న దాంట్లో మూడొంతులకు పైగా మనిషి అందుకున్న సందర్భాలు యంత్రాల చరిత్రలో ఎక్కువ లేవు.

అందుకున్న తీరు చూడదగ్గది. టర్బైన్ వెనక ఐదారంతస్తుల మేడంత ఇనుప గది ఉంటుంది. దాన్ని అక్కడి ఉద్యోగులు హెచ్ఆర్ఎస్‌జీ అంటారు. పొగ వేడితో ఆవిరి పుట్టించే బాయిలర్. లోపల నిలువుగా వేల గొట్టాలు వేలాడుతుంటాయి. ప్రతి గొట్టం చుట్టూ మరచుట్టులా పల్చటి రేకు చుట్టి ఉంటుంది. పొగ తన వేడిని ఇనుముకు అంత తేలిగ్గా ఇవ్వదు కాబట్టి, అది తాకే జాగాను పెంచడానికే ఆ రేకు. పొగ గొట్టాల మధ్యనుంచి పోతుంది, నీరు గొట్టాల్లోపల మరుగుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. మరుగుతున్నంత సేపు నీటి ఉష్ణోగ్రత పెరగదు. పొగ మాత్రం వేడి ఇస్తున్న కొద్దీ చల్లారుతూ పోతుంది. 100 బార్ల ఒత్తిడిలో నీరు 311 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పొగ 320 డిగ్రీలకు దిగిందంటే ఆ నీటిని మరిగించే శక్తి దానికి దాదాపు పోయినట్టే. అలాగని 320 డిగ్రీల పొగను వదిలేయడానికి మనసొప్పుతుందా? అందుకని దాని వెనకే తక్కువ ఒత్తిడిలో ఇంకో డ్రమ్ము పెట్టారు. 30 బార్ల ఒత్తిడిలో నీరు 234 డిగ్రీలకే మరుగుతుంది. దాని వెనక మూడోది, 4 బార్లలో, 144 డిగ్రీలకు. ఒకే పొగ మూడు మెట్లు దిగుతూ మూడు రకాల ఆవిరిని పుట్టిస్తుంది. చివరికి గొట్టం చేరేసరికి 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. వేడి పోనివ్వకూడదన్న పట్టుదల ఇంత ఓపిగ్గా ఇనుములో రూపు కట్టిన యంత్రం నాకు మరొకటి తెలియదు.

ఫలితం కూడా అలాగే వచ్చింది. ఫ్రాన్స్‌లోని బూషాన్ కేంద్రం 2016లో 62.22 శాతం సామర్థ్యంతో రికార్డు పెట్టింది. జపాన్‌లోని నిషి-నగోయా 2018లో దాన్ని 63.08కి తీసుకుపోయింది. మన దగ్గర విజ్జేశ్వరం తర్వాత జేగురుపాడు, కాకినాడ, కొండపల్లి ఇదే దారిలో వచ్చాయి. 2009లో మొదలైన కృష్ణా–గోదావరి డి6 గ్యాస్ కొన్నేళ్ళకే తగ్గిపోవడంతో వాటి రాత తిరగబడింది. బొగ్గు కేంద్రాలకంటే ఎంతో పొదుపైన యంత్రాలు గ్యాస్ రాక ఖాళీగా కూర్చోవడం చూస్తే బాధేస్తుంది.

ఇక విమానం సంగతి.

విమానం ఇంజను, విద్యుత్ కేంద్రం టర్బైన్ దగ్గరి చుట్టాలు. జంబో జెట్లకు పెట్టిన సీఎఫ్6 ఇంజనును కాస్త మార్చి నేల మీద కరెంటు కోసం ఎల్ఎం6000గా అమ్ముతున్నారు. మరి నేల మీదున్న తమ్ముడి వెనక బాయిలర్ పెట్టినప్పుడు రెక్క కిందున్న అన్నకు ఎందుకు పెట్టరు?

మొదటి అడ్డంకి బరువు. ఎయిర్‌బస్ ఎ320 నియో రెక్క కింద వేలాడే లీప్ ఇంజను మూడు టన్నులు తూగుతుంది. పెద్ద విద్యుత్ కేంద్రంలోని హెచ్ఆర్ఎస్‌జీ వేల టన్నులు. దాన్ని ఎంత కుదించినా సరే, విమానంలో ప్రతి కిలోకూ మోత కూలి ఇచ్చుకోవాలి. పొగలోంచి సంపాదించిన ఇంధనం, సంపాదించే సాధనాన్ని మోయడానికే చాలకపోతే ఏం లాభం?

రెండోది చోటు. విమానం 11 కిలోమీటర్ల ఎత్తులో ఎగురుతుంది. అక్కడ గాలి ఒత్తిడి నేల మీద ఉన్నదాంట్లో నాలుగో వంతు కూడా ఉండదు. పొగ ఉబ్బిపోయి ఉంటుంది. అంత పల్చటి పొగ నుంచి వేడి లాగాలంటే పెద్ద పెద్ద దారులు కావాలి. దారి ఇరుకైతే పొగ ఆగి వెనక్కి నెడుతుంది, ఇంజను తోపు తగ్గిపోతుంది.

మూడోది కాస్త ఆలోచిస్తేగానీ తట్టదు. పొగ వేడిని వాడుకునే అన్నిటికన్నా తేలికైన దారి, కంప్రెసర్ నుంచి వచ్చే గాలిని మండించే ముందు ఆ పొగతోనే వేడెక్కించడం. అంత మేరకు ఇంధనం తగ్గుతుంది. ఈ పని చేసే పరికరాన్ని రికూపరేటర్ అంటారు. గాలిని ఎనిమిది రెట్లు నొక్కితే అది దాదాపు 300 డిగ్రీలకు వేడెక్కుతుంది. 550 డిగ్రీల పొగ దానికి ఇంకా వేడి ఇవ్వగలదు. కానీ విమానం ఇంజన్లు పొదుపు కోసం గాలిని నానాటికీ ఎక్కువ నొక్కుతూ వచ్చాయి. నలభై రెట్లు నొక్కిన గాలి టేకాఫ్ సమయంలో 600 డిగ్రీలు దాటుతుంది. ఇప్పుడు పొగ కన్నా గాలే వేడిగా ఉంది! అక్కడ రికూపరేటర్ పెడితే వేడి తిరుగుదారి పట్టి గాలిలోంచి పొగలోకి పోతుంది. అంటే ఇంజనీర్లు ఒక దారిలో సాధించిన పొదుపే రెండో దారిని మూసేసింది.

అయినా ఆకాశంలో వృథా వేడిని పట్టుకునే ప్రయత్నాలు జెట్ ఇంజన్ల కన్నా పాతవి. 1930లలో ఇంగ్లండులోని ఫార్న్‌బరో ప్రయోగశాలలో పనిచేసిన మెరెడిత్, ఇంజనును చల్లబరిచే రేడియేటర్ గుండా పోయే గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది కదా, దాన్ని సరైన గొట్టంలోంచి వెనక్కి వదిలితే అదే విమానాన్ని తోస్తుందని లెక్క కట్టి చూపాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన మస్టాంగ్ యుద్ధ విమానం పొట్ట కింద కనిపించే ఆ పెద్ద నోరు ఈ ఆలోచనకు రూపమే. రేడియేటర్ వల్ల గాలిలో కలిగే అడ్డును అది చాలావరకు తీర్చేసింది.

యుద్ధం తర్వాత రైట్ కంపెనీ ఇంకా ముందుకెళ్ళింది. తన 18 సిలిండర్ల ఆర్-3350 పిస్టన్ ఇంజనుకు, ఆరేసి సిలిండర్ల పొగకు ఒకటి చొప్పున మూడు చిన్న టర్బైన్లు బిగించింది. పొగ వాటిని తిప్పితే ఆ బలం మళ్ళీ ఇంజను ఇరుసుకే చేరేది. ఒక్కో ఇంజనుకు దాదాపు 450 హార్స్‌పవర్ ఊరికే కలిసొచ్చేది. 1954లో ఎయిర్ ఇండియా తెచ్చుకున్న సూపర్ కాన్‌స్టలేషన్ విమానాలు ఇలాంటి ఇంజన్లతోనే సముద్రాలు దాటాయి. కాకపోతే ఎర్రగా కాలే పొగలో తిరిగే ఆ టర్బైన్లు మెకానిక్కులకు చేతినిండా పని పెట్టేవి. బోయింగ్ 707 లాంటి జెట్లు రావడంతో ఆ ముచ్చట ముగిసింది.

జెట్ విమానంలో అసలు వేడి వాడకమే లేదనుకుంటే పొరపాటు. ఇంజను బేరింగులను తడిపే నూనె బాగా కాగుతుంది, దాన్ని చల్లార్చాలి. రెక్కల్లోని ఇంధనం ఎత్తులో గడ్డకట్టే చలిలో ఉంటుంది, దాన్ని వెచ్చబరచాలి. రెంటినీ పక్కపక్కన ప్రవహింపజేస్తే నూనె వేడి ఇంధనంలోకి చేరి, మండే చోటికే తిరిగొస్తుంది. పాల క్యానంత పరికరం ఇద్దరి అవసరాలూ తీరుస్తుంది.

ఆ పరికరాన్ని ప్రపంచమంతా దగ్గరగా చూసిన రోజు 2008 జనవరి 17. బీజింగ్ నుంచి లండన్ వస్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 హీత్రూలో దిగబోతూ ఉన్నట్టుండి రెండు ఇంజన్లలోనూ బలం కోల్పోయింది. రన్‌వేకి 330 మీటర్ల ఇవతల గడ్డిలో పడింది. లోపలున్న 152 మందీ బతికారు. సైబీరియా మీదుగా వచ్చిన ఆ ప్రయాణంలో రెక్కల్లోని ఇంధనం సున్నాకు 34 డిగ్రీలు దిగువకు చల్లబడింది. ఏ ఇంధనంలోనైనా కొద్దిపాటి నీరు ఉంటుంది. అది పైపుల గోడలకు మెత్తటి మంచుగా అంటుకుని, దిగే వేళ ఇంధన ప్రవాహం పెరగ్గానే ఒక్కసారిగా ఊడి కొట్టుకొచ్చింది. వచ్చి ఎక్కడ ఆగింది? వేడి మార్చే ఆ పరికరం ముఖం మీద. అందులో వెయ్యికి పైగా సన్న గొట్టాలున్నాయి. వాటి మూతులు పలక మీంచి కొద్ది మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొని ఉండేవి. ఆ మూతుల మధ్య మంచు ఇరుక్కుని ఇంధనాన్ని ఆపేసింది. తర్వాత ఆ మూతుల్ని పలకతో సమానంగా చదును చేశారు. మంచు ఇరుక్కునే సందు పోయింది, వచ్చిన మంచు వచ్చినట్టే కరుగుతుంది. ఇంజన్లలో వేడిని పట్టే పరికరాల కథంతా ఇలాంటి మిల్లీమీటర్ల కథే అని ఈ ప్రమాదం గురించి చదివినప్పుడు నాకర్థమైంది.

రికూపరేటర్ కూడా పూర్తిగా చచ్చిపోలేదు. గాలిని మధ్యస్తంగా నొక్కే చోట్ల బతికింది. అమెరికా ఎబ్రామ్స్ ట్యాంకులో ఉన్న 1,500 హార్స్‌పవర్ గ్యాస్ టర్బైన్‌కు వెనక రికూపరేటర్ ఉంది. ఎక్కువ నొక్కే ఇంజన్లలోనూ దాన్ని నిలబెట్టాలంటే గాలిని నొక్కే దారి మధ్యలో ఒకసారి చల్లార్చాలి. అప్పుడు నొక్కడానికి పట్టే పనీ తగ్గుతుంది, చివరికి వచ్చే గాలి పొగకన్నా చల్లగానూ ఉంటుంది. ఈ రెండూ కలిపిన డబ్ల్యుఆర్-21 ఇంజన్లను బ్రిటిష్ నౌకాదళం తన టైప్ 45 యుద్ధ నౌకలకు పెట్టుకుంది. కాగితం మీద అందమైన యంత్రం.  గల్ఫ్ వేడి సముద్రంలో మాత్రం గాలిని చల్లార్చే భాగం తడబడింది, ఇంజను బలం తగ్గింది, నౌకల్లో కరెంటు పోయింది. చివరికి ఆ ఆరు నౌకలకూ ఎక్కువ బలమున్న డీజిల్ జనరేటర్లు పెట్టే పని చేపట్టాల్సి వచ్చింది.

ఇదే జతను విమానానికి అమర్చాలని జర్మనీలోని ఎంటీయూ కంపెనీ ఐరోపా పరిశోధనా పథకాల్లో చాలా ఏళ్ళు శ్రమించింది. పొగకు అడ్డు తగ్గాలని గొట్టాలను గుండ్రంగా కాకుండా బల్లెం మొనలా సన్నగా చేసింది. టేకాఫ్‌లో ఒక్కసారిగా కాగి, తర్వాత చల్లారి, మళ్ళీ కాగి, రోజుకు ఐదారుసార్లు సాగి ముడుచుకునే ఆ గొట్టాల అతుకులు పగలకుండా ఇరవై ఏళ్ళు నిలవాలి. అదే అసలు పరీక్ష.

అక్కణ్ణుంచి ఎంటీయూ ఇంజనీర్లు ఇంకో దారికి మళ్ళారు. నాకు బాగా నచ్చిన దారి ఇదే. పొగలో ఉన్న వేడితో గాలిని వేడెక్కించకుండా, నీటిని మరిగిద్దాం. విజ్జేశ్వరంలోలా ఆవిరికి వేరే టర్బైన్ పెడితే బరువు. కాబట్టి ఆ ఆవిరిని తిన్నగా ఇంధనం మండే చోటికే పంపిద్దాం. ఉన్న టర్బైన్‌నే అది కూడా తోస్తుంది.

ఇప్పుడు న్యూషాటెల్ 11,400 కిలోవాట్లను గుర్తు తెచ్చుకోవాలి. టర్బైన్ సంపాదనలో సింహభాగం గాలిని నొక్కడానికే పోయింది. గాలి వాయువు, నొక్కడానికి చాలా పని పడుతుంది. నీటినైతే చిన్న పంపు చాలు, 40 బార్లకైనా అవలీలగా ఎక్కిస్తుంది. ఎక్కించాక మరిగించే వేడి పొగ నుంచి ఉచితం. అంటే టర్బైన్ గుండా పోయే వాయువులో కొంత భాగం కంప్రెసర్‌కు కూలి కట్టకుండానే వచ్చి చేరుతోంది. పైగా ఆవిరి మంటను చల్లబరుస్తుంది కాబట్టి నైట్రోజన్ ఆక్సైడ్లు బాగా తగ్గుతాయి. నేల మీద ఈ పద్ధతికి 1970లలో డా యు చెంగ్ పేటెంట్ తీసుకున్నాడు. ఆయన పేరుతోనే చెంగ్ సైకిల్ అంటారు. అక్కడ ఆవిరి గొట్టంలోంచి పోతే పోయింది, నది పక్కనే ఉంది. విమానానికి నది ఎక్కడిది?

నది పొగలోనే ఉంది. కిరోసిన్ లాంటి విమాన ఇంధనం ఒక కిలో మండితే సుమారు ఒకటింపావు కిలోల నీరు పుడుతుంది. ఇన్నాళ్ళూ అది ఆవిరిగా పోయి, విమానాల వెనక మనం చూసే తెల్లటి గీతలకు కారణమవుతోంది. పంపిన ఆవిరినీ, పుట్టిన ఆవిరినీ బయటికి పోయేలోగా చల్లబరిచి నీళ్ళుగా పట్టుకోగలిగితే అదే నీటిని మళ్ళీ మళ్ళీ తిప్పవచ్చు. చల్లబరచడానికి ముందుండే పెద్ద ఫ్యాన్ తోసే గాలి ఉంది. ఆ ఎత్తులో గాలి సున్నాకు 50 డిగ్రీలు దిగువన ఉంటుంది కాబట్టి చలికి కొదవ లేదు. ఐరోపా క్లీన్ ఏవియేషన్ పథకంలో ఎంటీయూ, ప్రాట్ అండ్ విట్నీ కలిసి చేపట్టిన స్విచ్ అన్న ప్రాజెక్టులో ఇదొక భాగం. హైడ్రోజన్ మండిస్తే నీరు ఇంకా ఎక్కువ పుడుతుంది. ఆ ఇంధనంతో ప్రాట్ అండ్ విట్నీ అమెరికాలో 2022లో మొదలుపెట్టిన హైసైట్ ప్రయత్నం శక్తి వాడకాన్ని 35 శాతం దాకా తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది.

ఇది నెగ్గాలని మనసారా కోరుకుంటున్నాను గానీ, చేతికి రానిదేమిటో కూడా చెప్పాలి. నీళ్ళను పట్టే కండెన్సర్. అది పెద్దదిగా ఉండాలి, తేలిగ్గా ఉండాలి, ఫ్యాన్ గాలికి అడ్డు కాకూడదు, ఇంధనంలోని గంధకం వల్ల నీళ్ళలో చేరే ఆమ్లానికి తట్టుకోవాలి, ఎత్తులో నీరు గడ్డకట్టి గొట్టాలు పగలకూడదు. పై ఎత్తుల్లో సాయం చేసే చలి నేల మీద ఉండదు. మే నెల మధ్యాహ్నం, శంషాబాద్ రన్‌వే మీద 42 డిగ్రీలు. నిండా జనంతో, నిండా ఇంధనంతో బయల్దేరే విమానానికి బలం ఎక్కువ కావాల్సింది సరిగ్గా ఆ రెండు నిమిషాలే. వేడి గాలితో ఆవిరిని నీళ్ళు చేయడం కష్టమయ్యేది కూడా సరిగ్గా అప్పుడే. ఆ రెండు నిమిషాలకు ట్యాంకులో కొంత నీరు మోసుకెళ్ళి, పైకెళ్ళాక చలిలో ఆ అప్పు తీర్చుకోవాలి. ఎన్ని లీటర్లు మోయాలి, ఎంత ఎత్తులో లెక్క సరిపోతుంది అన్నది ఒక్కో ఊరి ఎండను బట్టి మారుతుంది. అందుకే ఆ కండెన్సర్ కొలతల్ని జర్మనీ చలిలో తేల్చినా, దాని అసలు పరీక్ష మాత్రం ఇలాంటి ఎండలోనే జరగాలి.